వెనక్కి పంపిన లారీ ఎక్కడికి పోయింది?

పశువుల దాణా తయారుచేసే కర్మాగారంలో నాణ్యత విభాగం చూసే మిత్రుడొకరు కొన్నాళ్ల క్రితం నాకు రెండు కాగితాలు చూపించారు. రెండూ ఒకే లారీలో వచ్చిన మొక్కజొన్నకు చేయించిన అఫ్లటాక్సిన్ (గింజల మీద పెరిగే బూజు తయారుచేసే విషం) పరీక్షల ఫలితాలు. ఒకదాని ప్రకారం ఆ సరుకును నిక్షేపంగా వాడుకోవచ్చు. రెండోదాని ప్రకారం విషం పరిమితికి అయిదారు రెట్లు ఉంది. రెండు ప్రయోగశాలల్లో ఏదో ఒకటి పొరపాటు పడిందని నేననుకున్నాను. ఆయన మాత్రం రెండు ఫలితాలూ సరైనవే అయి ఉండవచ్చని, ఎందుకైనా మంచిదని లారీని వెనక్కి పంపేశామని చెప్పారు. "మరి ఆ లారీ ఎక్కడికి పోయింది?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "అది మా కాగితాల్లో ఉండదండీ" అన్నారు.

బూజు విషాల మీద వచ్చే పరిశోధన పత్రాలను, నివేదికలను అప్పటినుంచి నేను ఆ ప్రశ్నతోనే చదువుతున్నాను. నమూనాలో విషం ఎంత ఉంది, దాన్ని ఇంకా సూక్ష్మంగా ఎలా కొలవాలి, జంతువు ఒంట్లో అది ఏమవుతుంది అన్న విషయాల మీద అపారమైన కృషి జరిగింది. పరీక్షలో తప్పిన గింజ ఆ తర్వాత ఎవరి తొట్టిలోకి చేరింది అన్నదాని మీద మాత్రం నేను చదివినంతలో కనిపించింది చాలా తక్కువ. ఆహార భద్రత అని మనం పిలుచుకుంటున్న ఏర్పాటులో అసలైన కంత ఇక్కడే ఉందని, "మనుషులకు కాదులే, పశువులకే కదా" అన్న మాటతో ఆ కంతను కప్పిపుచ్చుకుంటున్నామని నా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి ఉన్న ఇబ్బందులు కూడా నాకు తెలుసు కనుక వాటినీ ఇక్కడే చెప్పుకుంటాను.

బాతు పిల్లలు చెప్పిన సంగతి

ఈ విజ్ఞానం మొత్తం దాణా బస్తాలోనే పుట్టింది. 1960లో బ్రిటన్‌లో కొద్ది నెలల వ్యవధిలో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం తెలియక దానికి టర్కీ ఎక్స్ వ్యాధి అని పేరు పెట్టారు. అంటువ్యాధి కోసం వెతికినవారికి చివరకు దొరికింది బ్రెజిల్ నుంచి దిగుమతి చేసుకున్న వేరుశనగ చెక్క. అందులో పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పేరులోని అక్షరాలతోనే అఫ్లటాక్సిన్ అన్న పేరు కూర్చారు. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసినవి బి అయ్యాయి, ఆకుపచ్చగా మెరిసినవి జి అయ్యాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ తర్వాతి అడుగు. ఆ రోజుల్లో ఈ విషాన్ని పట్టుకోవడానికి బాతు పిల్లలే సాధనం, వాటి కాలేయం అంత సున్నితమైనది. విషపు చెక్క తిన్న ఆవుల పాలను బాతు పిల్లలకు ఇచ్చి చూస్తే వాటి కాలేయంలో అదే రకమైన దెబ్బ కనిపించిందని 1963లోనే ప్రకటించారు. పాలలోకి వచ్చే రూపానికి ఎం అన్న అక్షరం దక్కడానికి కారణం ఆంగ్లంలో పాలను సూచించే మాటే. అంటే బూజు విషానికి పేరు పెట్టిన రెండు మూడేళ్లలోనే దాణా నుంచి గ్లాసులోకి దారి ఉందని తెలిసిపోయింది. అరవై ఏళ్లు దాటినా మన సంభాషణలో దాణా ఇంకా రెండో తరగతి విషయంగానే ఉండటానికి తెలియకపోవడం కారణమని ఇక చెప్పుకోలేము.

1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడి, వారిలో 106 మంది చనిపోయిన ఉదంతంలో కూడా ఆ ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలు చచ్చిపోయాయి. జంతువు జబ్బును మనిషి జబ్బుకు ముందస్తు కబురుగా చదవడం ఈ రంగంలో కొత్త సంగతేమీ కాదు.

ఒకే పాలు, రెండు తీర్పులు

పాడి పశువు తిన్న బి1 (బి రకం అఫ్లటాక్సిన్లలో ఒకటి) విషంలో సుమారు 1 నుంచి 2 శాతం కాలేయంలో ఎం1గా మారి పాలలోకి వస్తుంది. ఎక్కువ పాలిచ్చే ఆవుల్లో అది 6 శాతం దాకా పోవచ్చు. విషపు మేత తిన్న ఒక రోజులోపే పాలలో కనిపిస్తుంది, ఆ మేత ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో దాదాపు మాయమవుతుంది. కాచినా పాశ్చరీకరణ చేసినా పోదు. కేసీన్ అనే మాంసకృత్తిని అంటిపెట్టుకుని ఉంటుంది కనుక అవే పాలతో చీజ్ చేస్తే, కిలో లెక్కన పాలలో కంటే చీజ్‌లోనే ఎక్కువ మోతాదు తేలుతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. కిలోకు 20 మైక్రోగ్రాముల బి1 ఉన్న దాణాను ఆవు రోజుకు 10 కిలోలు తిన్నదనుకుందాం. మొత్తం 200 మైక్రోగ్రాములు. అందులో 2 శాతం, అంటే 4 మైక్రోగ్రాములు పాలలోకి వస్తే, ఆ ఆవు 20 లీటర్లు ఇచ్చే పక్షంలో లీటరుకు 0.2 మైక్రోగ్రాము ఉంటుంది. అమెరికా పరిమితి, అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పరిమితి 0.5 కనుక అక్కడ ఈ పాలు సురక్షితం. యూరోపియన్ యూనియన్ పరిమితి 0.05 కనుక అక్కడ ఇవి నాలుగు రెట్లు మించిన పాలు. ఆవు మారలేదు, పాలూ మారలేదు.

2013లో సెర్బియాలో ఇది కాగితం మీది లెక్కగా మిగలలేదు. అంతకు ముందు ఏడాది కరవులో పండిన మొక్కజొన్నలో అఫ్లటాక్సిన్ పెరిగి, పాలలో ఎం1 యూరోపియన్ పరిమితిని దాటింది. ప్రభుత్వం పరిమితిని 0.05 నుంచి 0.5కు, అంటే పది రెట్లు పెంచింది. ఆ వార్త మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. తర్వాత మరికొంత చదివాక నా కోపం కొంత తగ్గిందని ఒప్పుకోవాలి. ఈ రెండు పరిమితులనూ పోల్చిన అంతర్జాతీయ నిపుణుల సంఘం 2001లోనే, వాటి మధ్య కాలేయ క్యాన్సర్ ముప్పులో తేడా చాలా స్వల్పమని తేల్చింది. 0.05 అన్నది ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించాలన్న సూత్రం నుంచి వచ్చిన అంకె. దాన్ని దాటిన క్షణంలో పాలు విషమైపోతాయని దాని అర్థం కాదు.

అంకె మీద నాకు పేచీ లేదు. అయితే ఆ అంకె ఎవరిని దృష్టిలో పెట్టుకుని ఉందో మాత్రం చూడాలి. హెపటైటిస్ బి ఉన్నవారిలో అదే మోతాదు అఫ్లటాక్సిన్‌కు క్యాన్సర్ కలిగించే శక్తి లేనివారి కంటే సుమారు 30 రెట్లు ఎక్కువని అదే నిపుణుల సంఘం అంతకు ముందు అంచనా వేసింది. ఆ లెక్కన పసిపిల్లలకు వేసే హెపటైటిస్ బి టీకా కూడా బూజు విషాలకు విరుగుడే, దాణా మీద చర్చ జరిగే సభల్లో ఈ మాట నాకెప్పుడూ వినబడకపోయినా.

గింజలో దాక్కున్న తేడా

నా మిత్రుడి రెండు కాగితాల సంగతికి వస్తాను. పాలలో విషం ఒకేలా కలిసిపోయి ఉంటుంది, ఏ చెంచా తీసినా ఒకటే. గింజల్లో అలా ఉండదు. వేల గింజలు శుభ్రంగా ఉండి, ఒక్క గింజలో మాత్రం భయంకరమైన మోతాదు ఉండవచ్చు. ఒక్కొక్క వేరుశనగ గింజను విడిగా పరీక్షించినప్పుడు కిలోకు 10 లక్షల మైక్రోగ్రాములకు పైబడిన గాఢత గల గింజలు కూడా దొరికాయి. అర గ్రాము బరువున్న అలాంటి గింజ ఒక్కటి 25 కిలోల బస్తాలో ఉంటే చాలు, ఆ బస్తా మొత్తం సగటు కిలోకు 20 మైక్రోగ్రాములకు చేరుతుంది. నమూనా తీసిన చేతికి ఆ గింజ తగిలితే ఒక ఫలితం, తగలకపోతే మరో ఫలితం. అందుకే యూరోపియన్ నిబంధనలు పెద్ద సరుకుల నుంచి వేర్వేరు చోట్ల వంద దాకా చిన్న నమూనాలు తీసి కలిపి, మెత్తగా మర పట్టి, అందులోంచి పరీక్షించమంటాయి. పరికరం చేసే పొరపాటు కంటే నమూనా తీయడంలో వచ్చే తేడాయే సాధారణంగా చాలా పెద్దదని ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలుసు. అయినా కొత్త పరికరానికి దొరికే నిధులు, లారీ ఎక్కి బొంగు గొట్టంతో బస్తాలు పొడిచే మనిషికి శిక్షణ ఇవ్వడానికి దొరకవు. ఆ పని ఎండలో జరుగుతుంది, దాని మీద పత్రం రాస్తే ఎవరూ అచ్చువేయరు.

దీని వల్ల ఒక చిత్రమైన పరిస్థితి ఏర్పడుతుంది. ఒకచోట తప్పిన సరుకు మరోచోట నిజాయితీగానే నెగ్గగలదు. వెనక్కి పోయిన లారీ యజమాని ఇంకో గేటు దగ్గర ఇంకో నమూనా ఇచ్చి, ఏ మోసమూ చేయకుండానే శుభ్రమైన కాగితం తెచ్చుకోవచ్చు. తిరస్కరణ అన్నది సమాచారంగా మిగలకపోతే అది పరీక్షను పదే పదే రాసే అవకాశం మాత్రమే అవుతుంది.

మెట్ల వరస, దాని న్యాయం

అమెరికాలో అఫ్లటాక్సిన్‌కు ఉన్న చర్యా స్థాయిలు, అంటే దాటితే ప్రభుత్వం చర్య తీసుకోగల పరిమితులు, మెట్ల వరసగా ఉంటాయి. మనుషుల ఆహారానికి, పాడి పశువుల దాణాకు కిలోకు 20 మైక్రోగ్రాములు. సంతతి కోసం ఉంచిన పశువులకు, పందులకు, ఎదిగిన కోళ్లకు మొక్కజొన్నలో 100 దాకా, బలిపించే పెద్ద పందులకు 200, మాంసం కోసం చివరి దశలో బలిపించే పశువులకు 300. మొదట చూసినప్పుడు ఇది "పశువులకే కదా" అన్న మాటనే చట్టంగా రాసినట్టు నాకు అనిపించింది.

అలా అనడం అన్యాయమని తర్వాత అర్థమైంది. మాంసంలోకి చేరే శేషం పాలలోకి వచ్చేదాని కంటే చాలా తక్కువ, బలిపించే పశువు బతికే కాలమూ పరిమితం. ఆకలి ఉన్న ప్రపంచంలో 60 మైక్రోగ్రాములున్న మొక్కజొన్నను తగలబెట్టడం కంటే దాన్ని తట్టుకోగల జంతువుకు పెట్టడమే వివేకం. పైగా పశువు అన్నది ఒకే రకం ప్రాణి కాదు. నెమరువేసే జంతువు కడుపులోని సూక్ష్మజీవులు ఓక్రాటాక్సిన్ అనే మరో బూజు విషాన్ని చాలావరకు విరిచేస్తాయి, పందికి ఆ రక్షణ లేక మూత్రపిండాలు చెడతాయి. డీఆక్సినివలినాల్ అనే ఇంకో బూజు విషం ఉన్న మేతను పంది ముట్టదు, ఎక్కువైతే వాంతి చేసుకుంటుంది. 1988లో దక్షిణాఫ్రికాలో గుర్తించిన ఫ్యుమోనిసిన్ అనే బూజు విషం గుర్రం మెదడును కరిగిస్తుంది, పంది ఊపిరితిత్తుల్లో నీరు నింపుతుంది. కాబట్టి ఏ విషమున్న సరుకును ఏ జంతువుకు మళ్లించాలో తెలిసి మళ్లించడం గొప్ప విద్యే.

నా సందేహం ఆ మెట్ల మధ్య కాపలా గురించి. 300 మెట్టు దగ్గరికి పంపిన సరుకు అక్కడే ఆగిందని ఎవరు చూస్తారు? అది మాంసపు పశువుల దగ్గరికే పోయిందా, దారిలో మంచి సరుకుతో కలిసి పాడి ఆవు తొట్టిలోకి మళ్లిందా? పరిమితి మించిన దాణాను మంచి దాణాతో కలిపి పలచన చేయడాన్ని యూరోపియన్ చట్టం నిషేధించడానికి కారణం ఇదే. పలచన చేస్తే విషం మాయం కాదు, కొద్దిమందికి పోయేది ఎక్కువమందికి పంచినట్టవుతుంది. విషాన్ని పట్టి ఉంచే (బైండర్) బెంటొనైట్ మట్టిని దాణాలో కలపడానికి 2013లో యూరోపియన్ యూనియన్ అనుమతి ఇచ్చినప్పుడు కూడా, పరిమితికి లోబడిన దాణాలోనే వాడాలని షరతు పెట్టారు. అఫ్లటాక్సిన్‌ను ఆ మట్టి బాగానే పట్టుకుంటుంది కానీ డీఆక్సినివలినాల్ వంటి వాటి మీద దాని ప్రభావం బలహీనం. "బైండర్ వేశాం, ఇక భయం లేదు" అన్న ధీమాకు ఏ విషం సంగతి మాట్లాడుతున్నారో చెప్పకుండా అర్థం లేదు.

పనికిరాని గింజను ఇంధనానికి పంపితే పీడ విరగడవుతుంది కదా అని కొందరు వాదిస్తారు. నేనూ కొంతకాలం అలాగే నమ్మాను. మొక్కజొన్నలోని పిండి పదార్థం ఇథనాల్‌గా మారిపోయాక మిగిలిన పిప్పిలో, మొదటి గింజలో ఉన్న బూజు విషాలు సుమారు మూడు రెట్ల గాఢతతో మిగులుతాయి. ఆ పిప్పిని ఆరబెట్టి ఎవరికి అమ్ముతారో వేరే చెప్పాలా, దాణా తయారీదారులకే.

గడప దాటిన లెక్కలు

ఈ రంగంలో ఏ వ్యాసం తెరిచినా మొదటి పేరాలోనే ప్రపంచ పంటల్లో 25 శాతానికి బూజు విషాలు సోకుతున్నాయన్న వాక్యం కనిపిస్తుంది, పక్కన ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ పేరు ఉంటుంది. ఆ అంకె మూలం వెతుకుతూ పోయిన పరిశోధకుల బృందం ఒకటి 2019, 2020 ప్రాంతంలో తన ఫలితాన్ని ప్రచురించింది. గట్టి ఆధారం దొరకలేదు. పరిమితులు మించిన పంట వరకు అయితే ఆ అంకె దాదాపు సరిపోవచ్చని, కనుగొనగల స్థాయిలో విషం ఉన్న పంట మాత్రం 60 నుంచి 80 శాతం దాకా ఉంటుందని వారు తేల్చారు. దశాబ్దాలపాటు ఒకరిని చూసి ఒకరు రాసుకున్న అంకె కాకతాళీయంగా ఒక అర్థంలో నిజానికి దగ్గరగా ఉందన్నమాట. సోకిన పంట ఎంత అన్న ప్రశ్నకే ఇంతకాలం ఇలాంటి జవాబుతో సరిపెట్టుకున్నవాళ్లం, తిరస్కరించిన పంట ఎటు పోయిందన్న ప్రశ్నకు జవాబు లేదని ఆశ్చర్యపోవడం కొంచెం అమాయకత్వమే.

కఠినమైన పరిమితి ఎప్పుడూ మంచిదే అన్న నమ్మకాన్ని కూడా పరీక్షించుకోవాలి. యూరోపియన్ యూనియన్ కొత్త అఫ్లటాక్సిన్ ప్రమాణాల వల్ల ఆఫ్రికా ఎగుమతులు ఏటా 67 కోట్ల డాలర్ల మేర పడిపోతాయని, దానికి బదులుగా ఏటా వందకోట్ల మందిలో 1.4 మరణాలు తగ్గుతాయని 2001లో ప్రపంచ బ్యాంకు అధ్యయనం ఒకటి అంచనా వేసింది. ఎగుమతి నష్టాన్ని ఎక్కువ చేసి చెప్పారన్న విమర్శ ఆ అధ్యయనం మీద తర్వాత వచ్చింది. ఆ వాదన ఎలా తేలినా, ఎగుమతి కాని గింజ గాలిలో కలిసిపోదన్న సంగతి రెండు పక్షాలవారూ ఒప్పుకోవలసిందే. మేలైన సరుకు ఓడ ఎక్కుతుంది. మిగిలింది పండిన చోటే, కొలిచేవారు లేని చోటే తినబడుతుంది.

అందుకని నేను కోరేది చిన్న మార్పు. పరీక్షలో తప్పిన ప్రతి సరుకుకూ ఒక సంఖ్య ఇచ్చి, అది తర్వాత ఎవరు కొన్నారో, ఏ జంతువుకు పెట్టారో, లేక ఎక్కడ నాశనం చేశారో రాసే పుస్తకం ఉండాలి. పరిశోధనకు ఇచ్చే నిధుల్లో కొంత భాగం ఆ పుస్తకాన్ని చదవడానికి పోవాలి.

ఈ మాటను మిత్రుడితో అంటే ఆయన నవ్వారు. "అప్పుడు ఎవరూ పరీక్షే చేయించరు" అన్నారు. ఆయన మాటలో బరువుంది. తిరస్కరణ నమోదైతే సరుకు ధర పడిపోతుంది, ఆ నష్టం వ్యాపారి మీదుగా రైతు మీదికి జారుతుంది. గింజలో విషం రైతు వేసింది కాదు. కాయ గట్టిపడే వేళ వాన ముఖం చాటేసి ఎండ కాస్తే పొలంలోనే బూజు చొరబడుతుంది, కోతకు ముందే నష్టం జరిగిపోతుంది. భూమి సగటు వేడి 2 డిగ్రీలు పెరిగితే ఇంతవరకు ఈ బెడద పెద్దగా లేని యూరప్ ప్రాంతాల మొక్కజొన్నలోకీ అఫ్లటాక్సిన్ వస్తుందని 2016లో వచ్చిన అంచనా చెబుతోంది. శిక్షలాగా కనిపించే నమోదును జనం దాచిపెడతారు. తప్పిన సరుకును ముందే ఒప్పుకున్న ధరకు, సరైన మెట్టు మీద కొనే ఏర్పాటు తోడుగా లేకపోతే నా పుస్తకం ఖాళీగానే ఉంటుందని నేను ఒప్పుకున్నాను. ఆ ధర ఎవరు చెల్లించాలన్న దగ్గర మా సంభాషణ ఆగిపోయింది.

ఇంకొక లోపం కూడా నా ఆలోచనలో ఉంది, అది ఆయన చెప్పింది కాదు. పండించినదాన్నే తిని, అందులోంచే ఇంటి పశువుకు పెట్టే కుటుంబానికి లారీ లేదు, గేటు లేదు, తిరస్కరించేవారూ లేరు. 2004లో కెన్యాలో 317 మంది జబ్బుపడి 125 మంది చనిపోయిన అఫ్లటాక్సిన్ ఉదంతంలో ఎక్కువమంది తిన్నది సొంతంగా పండించుకున్న మొక్కజొన్ననే. జబ్బుపడినవారి ఇళ్లను, పడనివారి ఇళ్లను పోల్చి చూసినప్పుడు తేడా దొరికింది నిల్వలో. జబ్బుపడిన కుటుంబాలవారు తడి ఆరని గింజను ఇంట్లోనే దాచుకున్నారు. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ, ఆఫ్రికాలోని మరికొన్ని దేశాల్లో విషం తయారుచేయలేని ఫ్లేవస్ జాతులనే పొలంలో ముందుగా చల్లి, విషపు జాతులకు చోటు లేకుండా చేసే పద్ధతి వాడుకలోకి వచ్చింది. గింజలో తేమను 13 శాతానికి దింపి, గచ్చు తగలకుండా బల్ల మీద నిల్వ చేసుకోవడం దానికి తోడు. ఈ పనులు చేసిన ఇంట్లో మనిషికీ పశువుకూ వేర్వేరు కుప్పలు పోయాల్సిన అవసరం చాలావరకు రాదు.